నత్తి అనుకున్నది నత్తి కాదు



పోస్టు పెద్దదే, తీరిక దొరికినప్పుడు చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు రాసింది చూశాను. బీటెక్ మొదటి ఏడాది. "క్లాసులో సార్ అడిగితే జవాబు తెలుసు, కానీ నోట్లోంచి రాదు. వచ్చేలోపు పక్కోడు చెప్పేస్తాడు. నాకు బుర్ర తక్కువేమో, ఇంటికి వెళ్ళిపోతా" అని రాశాడు. చాలామంది ధైర్యం చెప్పారు. నేను ఆ రోజు ఏమీ రాయలేదు. నాకూ అదే జరిగింది కాబట్టి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. నేను చేసే పని గురించి, గేమ్‌లు ఆగి ఆగి ఎందుకు ఆడతాయి అనే దాని గురించి చెప్తే తప్ప నా మాట పూర్తి కాదు. తమ్ముడూ, ఇది నీ కోసమే రాస్తున్నా.

మాది చింతూరు మండలంలో ఒక కోయ గూడెం. ఇంట్లో కోయ తప్ప ఇంకో మాట లేదు. హాస్టల్లో చేరిన కొత్తలో టీచర్ ఒక గ్లాసు చూపించి "ఇందులో ఏముంది?" అని అడిగారు. నేను "ఏర్" అన్నాను. మనకి ఏర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. "గ్లాసులో ఏరు పారుతోందంట!" అని క్లాసంతా ఒకటే నవ్వు. టీచర్ కూడా నవ్వారు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు పడింది. ఎవరేం అడిగినా ముందు కోయలో అనుకోవడం, దాన్ని తెలుగులోకి మార్చుకోవడం, నవ్వే మాట ఏమైనా ఉందా అని ఒకసారి చూసుకోవడం, అప్పుడు నోరు తెరవడం. ఇంటర్‌కి వచ్చేసరికి ఇంగ్లీషు మీడియం. ఇంకో మెట్టు పెరిగింది. ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది, తెలుగులోకి దించుకోవాలి, కోయలో అర్థం చేసుకోవాలి, మళ్ళీ అదే దారిలో వెనక్కి వెళ్ళాలి. నేను సగం దారిలో ఉండగానే ప్రశ్న పక్క బెంచీకి వెళ్ళిపోయేది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతానని నాకు "నత్తి" అని పేరు పెట్టారు. నత్తి ఉండటం తప్పేం కాదు, కానీ నాకు ఉన్నది అది కాదు. అదేంటో మాత్రం చాలా ఏళ్ళు నాకూ తెలియలేదు. అందరూ అంటున్నారు కదా, నేను మందమేనేమో అనుకున్నా.

ఇప్పుడు లాప్‌టాప్ సంగతి.

బీటెక్‌లో ఉండగా స్కాలర్‌షిప్ డబ్బులు, అమ్మ తునికాకు డబ్బులు కలిపి ఒక సీనియర్ అన్న దగ్గర సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. రైజెన్ 3, అందులోనే చిన్న వేగా గ్రాఫిక్స్. 2020 మార్చిలో కాలేజీలు మూసేశారు, ఇంటికి వచ్చేశాను. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 20.04 దాంట్లో వేసుకున్నా. మా తమ్ముడు దాని మీద ఒక పాత కారు రేసు గేమ్ ఆడేవాడు. అది విండోస్ గేమ్, ప్రోటాన్ అనే దాని సాయంతో లైనక్స్ మీద నడిచేది.

ఒక సాయంత్రం వాడు "అక్కా, ఇది నత్తి కొడుతోంది" అన్నాడు.

ఆ మాట వినగానే గుండె కలుక్కుమంది. వాడు నన్ను అనలేదులే, గేమ్‌ని అన్నాడు. వెళ్ళి చూశాను. కారు బాగానే పోతోంది. కొత్త మలుపు వచ్చి, దుమ్ము లేచే చోట బొమ్మ టక్కున ఆగిపోతోంది. అర సెకను తర్వాత మళ్ళీ కదులుతోంది. ఈలోపు కారు గోడకి గుద్దుకుంటోంది. విచిత్రం ఏంటంటే అదే మలుపు రెండోసారి వస్తే ఆగడం లేదు. లాప్‌టాప్‌కి శక్తి చాలకపోతే రెండోసారి కూడా ఆగాలి కదా? మొదటిసారి మాత్రమే ఎందుకు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సిగ్నల్ కోసం రోడ్డు దాకా వెళ్ళి, కల్వర్టు మీద కూర్చుని ఫోన్లో చదివేదాన్ని. నాకు అర్థమైంది ఇదీ.

గేమ్‌లో కనిపించే ప్రతి చుక్కకీ ఏ రంగు వేయాలో లెక్కగట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని షేడర్లు అంటారు. దుమ్ముకో షేడర్, నీళ్ళకో షేడర్, కారు అద్దం మీద మెరుపుకో షేడర్. రాసినవాళ్ళకి మన మెషీన్‌లో ఏ చిప్ ఉందో తెలియదు. అందుకని చిప్ భాషలో పంపలేరు, ఒక మధ్య భాషలో పంపుతారు. దాన్ని మన చిప్‌కి అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే పని మన మెషీన్‌లోనే, డ్రైవర్ లోపల, ఆ క్షణంలోనే జరుగుతుంది. ఆ మార్పునే షేడర్ కంపైల్ చేయడం అంటారు.

గేమ్ సాఫీగా కనిపించాలంటే సెకనుకి 60 బొమ్మలు పడాలి. అంటే ఒక్కో బొమ్మకి 16 మిల్లీసెకన్ల చిల్లర. కొత్త షేడర్ వచ్చినప్పుడు దాన్ని మార్చడానికే 200 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, పన్నెండు బొమ్మలు పోయినట్టే. అదే మనకి కనిపించే నత్తి. ఒకసారి మార్చిన షేడర్‌ని డ్రైవర్ డిస్కులో దాచుకుంటుంది. దాన్ని కాష్ అంటారు. అందుకే రెండోసారి ఆగదు.

మా తమ్ముడు ఆడే గేమ్‌లో ఎన్ని అనువాదాలో చూడండి. గేమ్ డైరెక్ట్‌ఎక్స్ భాషలో ఉంది. డీఎక్స్‌వీకే అనేది దాన్ని స్పిర్-వి అనే భాషలోకి మారుస్తుంది. మెసా డ్రైవర్ దాన్ని నిర్ అనే తన సొంత మధ్య భాషలోకి తెస్తుంది. నిర్‌ని ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్‌కి ఇస్తే, అది తన మధ్య భాషలోకి మార్చుకుని, చివరికి చిప్ ఆజ్ఞలు రాస్తుంది. చదువుతూ చదువుతూ కల్వర్టు మీద లేచి నిలబడ్డాను. ఇది నేనే కదా! కోయ, తెలుగు, ఇంగ్లీషు, మళ్ళీ వెనక్కి. చిప్ మందం కాదు. అనువాదం అయ్యేదాకా దానికి చేయడానికి పనే అందడం లేదు.

మెసా గురించి కొంచెం చెప్తాను. బ్రయన్ పాల్ అనే ఆయన 1993లో ఒక్కడే మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఇప్పుడు లైనక్స్‌లో ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌కి మామూలుగా వాడేది అందులోని డ్రైవర్లనే. కోడ్ అంతా బయటే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చి పంపొచ్చు. ఇందాక చెప్పిన నిర్ మా చింతూరు సంత లాంటిది. సంతకి ఒడిశా వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి, గూడేల నుంచి ఎవరి భాషతో వాళ్ళు వస్తారు, బేరం మాత్రం ఒక ఉమ్మడి మాటలో నడుస్తుంది. అలాగే ఏ భాషలో వచ్చిన షేడర్ అయినా ముందు నిర్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి ఏ చిప్ దారి ఆ చిప్‌ది. ఈ నిర్‌ని 2014లో మొదలుపెట్టింది ఎవరో పెద్ద ప్రొఫెసర్ కాదు. ఇంటెల్‌లో వేసవి ఇంటర్న్‌గా చేరిన కానర్ ఆబట్ అనే కుర్రాడు.

ఏఎండీ చిప్‌లకి మెసాలో ఉన్న వల్కన్ డ్రైవర్ పేరు రాడ్‌వీ. 2016లో వచ్చింది. మొదట్లో అది చివరి అనువాదం ఎల్ఎల్‌వీఎం చేత చేయించేది. ఎల్ఎల్‌వీఎం చెడ్డది కాదు, చాలా గొప్ప కంపైలర్. కానీ అది ఎన్నో రకాల ప్రాసెసర్లకి పనికొచ్చేలా కట్టింది. ఒకసారి తీరిగ్గా కంపైల్ చేసి, వేలసార్లు నడిపే ప్రోగ్రాములకి అది సరిపోతుంది. ఇక్కడ మనిషి స్టీరింగ్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తీరిక ఎక్కడుంది?

వాల్వ్ కంపెనీ ఖర్చు పెట్టుకుని డానియెల్ షుర్మన్, బాస్ న్యూవెన్‌హౌజెన్ మొదలైనవాళ్ళ చేత ఏసీఓ అనే కొత్త కంపైలర్ రాయించింది. 2019 జులైలో బయటపెట్టారు, ఆ ఏడాది చివర్లో మెసా 19.3లో కలిసింది. అది నిర్‌ని తీసుకుని నేరుగా ఏఎండీ చిప్ ఆజ్ఞల్లోకి మారుస్తుంది. ఊళ్ళన్నీ తిరిగే దారి మానేసి అడ్డదారి వేశారన్నమాట. ఆ ఒక్క కుటుంబం చిప్‌ల గురించే తెలుసు కాబట్టి, వాటి గుట్టు బాగా తెలుసు.

నేను ఇది చదివేటప్పటికి ఉబుంటు 20.04లో ఉన్న మెసా 20.0లో ఏసీఓ ఉంది గానీ మామూలుగా వాడరు, మనం అడిగితేనే వాడుతుంది. గేమ్ మొదలయ్యే చోట ఒక చిన్న మాట రాయాలి, అంతే. రాశాను. దాచుకున్న కాష్ అంతా చెరిపేసి, తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. అదే మలుపు, అదే దుమ్ము. ఆగడం పూర్తిగా పోలేదు గానీ, కారు గోడకి గుద్దుకోలేదు. వాడు వెనక్కి తిరిగి "ఏం చేశావక్కా?" అన్నాడు. నేను ఏమీ చేయలేదు. చిప్ అదే, లాప్‌టాప్ అదే. మధ్యలో మార్చి చెప్పేవాళ్ళు మారారు. ఆ తర్వాత మెసా 20.2 నుంచి రాడ్‌వీలో అందరికీ ఏసీఓనే వస్తోంది.

ఆ రాత్రి దాని గురించి అమ్మకి చెప్పాలనిపించింది. కోయలోనే చెప్పాలి, అమ్మకి వేరేది రాదు. రిజిస్టర్ల గురించి చెప్పాను. వేగా చిప్ 64 చుక్కల లెక్కలు ఒకే గుంపుగా చేస్తుంది. ఒక్కో చుక్కకి వేరువేరుగా ఉండే విలువల్ని 64 గళ్ళున్న పెద్ద రిజిస్టర్లో పెట్టాలి. 64 మందికీ ఒకటే అయిన విలువని చిన్న రిజిస్టర్లో ఒక్కచోట పెడితే చాలు. ఏది అందరికీ ఒకటో, ఏది ఎవరికి వారిదో ముందే కనిపెట్టడం ఏసీఓ చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి. అమ్మకి ఇలా చెప్పాను: తునికాకు కోసేటప్పుడు కట్టకి యాభై ఆకులు అనేది అందరికీ ఒకటే, కల్లం దగ్గర ఒక్కసారి చెబితే చాలు. ఎవరి ఆకులు మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండాలి. అమ్మ విని "మరి యాభై, యాభై అని అందరి చెవిలో విడివిడిగా చెప్పే పిచ్చోడెవడు?" అంది.

తమ్ముడూ, ఇక్కడ ఆగి చూడు. ఆ ముక్క నేను ఇంగ్లీషులో చదివి, తెలుగు మధ్యలో లేకుండా సీదా కోయలో చెప్పాను. చెప్పాక దాన్ని మళ్ళీ ఎప్పుడూ మర్చిపోలేదు. అంతకుముందు మన భాష వల్లే ఆలస్యం అవుతోందని అనుకునేదాన్ని. కాదు. నడుమ నేను కట్టుకున్న భయం మెట్టు వల్ల ఆలస్యం. కోయని తీసేస్తే దారి తగ్గదు. కోయ దగ్గరికి సీదా వెళ్తేనే దారి తగ్గుతుంది.

కాలేజీ తెరిచాక కోడ్ చదవడం మొదలుపెట్టాను. ఆరు నెలలు ఏమీ అర్థం కాలేదు, అబద్ధం ఎందుకు. ముందు దొరికింది ఒక ఫైలు. అందులో నిర్ లెక్కల్ని సులువు చేసే నియమాలు వరుసగా ఉంటాయి. ఎడమ పక్క ఇలా ఉంటే కుడి పక్కలా మార్చు, అంతే. ఒకటితో గుణిస్తే అదే సంఖ్య, ఇలాంటివి. ఇది మన ఎనిమిదో తరగతి లెక్కలే కదా అనిపించింది. ఒక నియమం తట్టింది, రాశాను. షేడర్లలో ఆజ్ఞలు తగ్గాయి. దాన్ని వివరించే మూడు వాక్యాల ఇంగ్లీషు రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. కళ్ళు మూసుకుని పంపేశాను.

మర్నాడు జవాబు వచ్చింది. కాదన్నారు. ఎందుకో కూడా రాశారు. నా నియమంలో ఒక చోట ఏ సంఖ్యలోంచి దాన్నే తీసేసినా సున్నా అని అనుకున్నాను. కంప్యూటర్ లెక్కల్లో అనంతం కూడా ఒక విలువ. అనంతంలోంచి అనంతం తీసేస్తే సున్నా రాదు, 'సంఖ్య కాదు' అనే విలువ వస్తుంది. ఇలాంటి నియమాల ముందు '~' గుర్తు పెట్టాలి, అప్పుడు ఖచ్చితత్వం కావాలని రాసిన షేడర్ల జోలికి అది వెళ్ళదు. నేను ఆ గుర్తు పెట్టలేదు. పెట్టకపోతే ఎక్కడో ఒక గేమ్‌లో బొమ్మ చెడుతుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. గుర్తు పెట్టి చూస్తే, నా నియమం పనికొచ్చే షేడర్లు దాదాపు మిగల్లేదు. నేనే వెనక్కి తీసుకున్నాను.

బాధపడ్డాననుకుంటారేమో. లేదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. "రేపు రా" అనేవాళ్ళు, ఎందుకో చెప్పేవాళ్ళు కాదు. కారణం చెప్పి కాదనడం అంటే నిన్ను లెక్కలోకి తీసుకున్నట్టు. ఆ జవాబు రాసినవాళ్ళు నా ఊరు అడగలేదు, నా ఇంగ్లీషుని వెక్కిరించలేదు. నేను ఆలస్యంగా జవాబిచ్చినా ఏమీ అనలేదు. అక్కడ అందరూ రాసుకునే మాట్లాడతారు. ఆలోచించుకుని, రెండు గంటల తర్వాత రాసినా ఎవరూ నవ్వరు. నాలాంటిదానికి అంతకంటే మంచి క్లాసు ఏముంటుంది?

రెండోసారి పెద్ద తెలివితేటలు చూపించాలనుకోలేదు. కొలవడం నేర్చుకున్నాను. ఫాసిలైజ్ అనే పనిముట్టు ఉంది, గేమ్ ఆడుతుంటే అందులో వచ్చే షేడర్లన్నీ రికార్డు చేస్తుంది. తర్వాత గేమ్ తెరవకుండానే వాటిని మళ్ళీ మళ్ళీ కంపైల్ చేయించి ఎంతసేపు పట్టిందో చూడొచ్చు. మా తమ్ముడు ఆడిన గేమ్‌లన్నీ అలా పోగేశాను. వాడికి మాత్రం ఇది దేశానికి సేవలా అనిపించి, అమ్మ పిలిచినా "అక్క పని చేస్తున్నా" అని ఆడుతూనే ఉండేవాడు.

కొలుస్తుంటే ఒక దశ దగ్గర కన్ను పడింది. షేడర్‌లో ఎన్ని ముక్కలు ఉంటే అన్నిసార్లు కొత్తగా మెమరీ అడుగుతోంది, వాడి పారేస్తోంది, మళ్ళీ అడుగుతోంది. అన్నం తిన్న ప్రతిసారీ కొత్త పళ్ళెం కొన్నట్టు. ఒక్కసారి అడిగి, తుడుచుకుని మళ్ళీ వాడుకునేలా మార్చాను. మారింది పట్టుమని ఇరవై లైన్లు కూడా లేవు. ముందు, తర్వాత పదేసిసార్లు కొలిచాను. బయటికి వచ్చే చిప్ ఆజ్ఞల్లో ఒక్క అక్షరం తేడా లేదని చూసుకున్నాను. తగ్గిన సమయం ఒక్క శాతం కూడా లేదు. పంపడానికి సిగ్గేసింది. అయినా కొలతలు పెట్టి పంపాను. ఒకే ఒక్క సవరణ అడిగారు, ఒక పేరు మార్చమన్నారు. మార్చాను. కలిపేశారు.

ఒక్క శాతం కూడా లేనిదానికి ఇంత కథ ఏంటని మీరు అడగొచ్చు. ఆ డ్రైవర్ బాగుపడింది ఎక్కువగా అలాగే. ఏసీఓ లాంటి పెద్ద మలుపు ఎప్పుడో ఒకసారి వస్తుంది. మిగతా రోజులన్నీ ఇలాంటి చిల్లర పనులే. ఆ చిల్లర కూడితేనే మా తమ్ముడి కారు గోడకి గుద్దుకోకుండా మలుపు తిరుగుతుంది. నా ఇరవై లైన్లు ఇప్పుడు నేనెప్పుడూ చూడని ఊళ్ళలో, నేనెప్పుడూ చూడని మెషీన్లలో నడుస్తున్నాయి. క్లాసులో ఒక్క జవాబు టైముకి చెప్పలేకపోయినదాన్ని నేను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. అది వేరే పని, డ్రైవర్ పని రాత్రిళ్ళే. ఇప్పటికీ మీటింగ్‌లో నన్ను హఠాత్తుగా అడిగితే ఒక క్షణం ఆగుతాను. కాకపోతే ఇప్పుడు "ఒక్క నిమిషం, చెప్తాను" అంటున్నాను. ఆ మాట అనడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

తమ్ముడూ, నీకు చెప్పాలనుకున్నది ఇదే. సార్ అడిగినప్పుడు నువ్వు ఆగుతున్నావంటే నీ లోపల రెండు మూడు భాషల పని జరుగుతోందని. పక్కోడు ఒక్క భాషలో విని, అదే భాషలో చెప్తున్నాడు. మీ ఇద్దరినీ ఒకే గడియారంతో కొలవడం తప్పు. గేమ్ ఆగినప్పుడు ఆ ఇంజనీర్లు చిప్‌ని తిట్టలేదు. ఎక్కడ సమయం పోతోందో వెతికి, అక్కడ బాగు చేశారు. మన బడుల్లో, కాలేజీల్లో కూడా చేయాల్సింది అదే, పిల్లల్ని మందం అనడం కాదు. అది వాళ్ళు చేసేదాకా మనం చేసుకోగలిగింది కొంత ఉంది. రేపటి పాఠం ఈ రాత్రే ఒకసారి చదువుకుని వెళ్ళు, కొత్త మాటలు క్లాసులో మొదటిసారి ఎదురుకాకుండా. చదివింది ఇంటికి ఫోన్ చేసి మీ భాషలో అమ్మకో చెల్లికో చెప్పు. వాళ్ళు ఎదురు ప్రశ్న వేశారంటే నీకు వచ్చేసినట్టే. ఒకసారి అలా మారింది మళ్ళీ పోదు, దాచుకున్న షేడర్ లాగే.

ఇంటికి వెళ్ళాలనిపిస్తే పండక్కి వెళ్ళు, వెళ్ళి తిరిగి రా. బుర్ర తక్కువని మాత్రం వెళ్ళొద్దు.

ఎవరి దగ్గరైనా పాత లాప్‌టాప్ ఉండి, ఈ పని చూడాలనుంటే నాకు చెప్పండి. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను. కోయలో అడిగితే కోయలోనే చెప్తాను. ఆగి ఆగి అడిగినా పర్లేదు, నాకేం తొందర లేదు.

జోహార్.
మీ అక్క, చింతూరు నుంచి